చక్రం చప్పుడు – వినే చెవీ, ఆపే చెయ్యీ

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అని మన పెద్దవాళ్ళన్నారు. వెటకారంగా అన్నమాటే గానీ, కాస్త ఆలోచిస్తే ఇందులో ఒక ఇంజనీరింగు పాఠం మొత్తం ఉంది. ఎద్దుబండి ఇరుసుకి కందెన ఆరిపోతే కిర్రుమని మొదలెడుతుంది. బండివాడు వింటాడు. ఆ కిర్రుకి అర్థమేంటో వాడికి తెలుసు. ఎద్దుల్ని ఆపి, దిగి, వెంట తెచ్చుకున్న కందెన తీసి ఇరుసుకి పూస్తాడు. సంగీతం ఆగిపోతుంది. ఇక్కడ గమనించాల్సిందేంటంటే చప్పుడు విన్నవాడు, దాని అర్థం తెలిసినవాడు, బండి ఆపగలిగినవాడు – ముగ్గురూ ఒకడే.

తరవాతి రెండొందల ఏళ్ళలో చక్రం చాలా మారింది. చెక్క పోయి ఉక్కొచ్చింది, కందెన పోయి గ్రీజొచ్చింది, ఇరుసు చుట్టూ బేరింగులొచ్చాయి. చప్పుడు మాత్రం పోలేదు. పోయిందల్లా ఆ "ముగ్గురూ ఒకడే" అన్న ఏర్పాటు. వినేవాడొకడు, అర్థం తెలిసినవాడింకొకడు, ఆపే అధికారం ఉన్నవాడు వేరొకడు అయిపోయారు. చక్రాల చరిత్రలో ఘోరాలు కొన్ని ఈ ముగ్గురి మధ్య ఉన్న ఖాళీలోనే జరిగాయని నా అభిప్రాయం. ఎందుకంటున్నానో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

అలిసిపోయే ఇనుము

1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ తిరిగొస్తున్న ఒక రైలు మ్యుదాన్ అనే చోట పట్టాలు తప్పింది. రాజు లూయీ ఫిలిప్ పేరిట జరిగిన వేడుకలు చూసి ఇళ్ళకు పోతున్న జనంతో రైలు కిక్కిరిసి ఉంది. ముందున్న ఇంజను ఇరుసు విరిగింది, వెనకాల పెట్టెలొచ్చి మీద పడ్డాయి, నిప్పంటుకుంది. ప్రయాణికులు దారిలో దూకకుండా పెట్టెల తలుపులకు బయటనుంచి తాళాలు వేయడం అప్పటి పద్ధతి. 50 మందికి పైగా చనిపోయారు. అంటార్కిటికా దాకా వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చిన నావికుడు ద్యుమాన్ ద్యుర్విల్, ఆయన భార్య, కొడుకు కూడా అందులోనే పోయారు. మంచుసముద్రం ఏమీ చెయ్యలేని మనిషిని ఊరి పక్కన రైలు చంపింది.

ఇంజనీర్లకి అంతుబట్టని సంగతొకటుంది. ఇరుసు బలంగానే ఉంది. రోజూ మోసే బరువే మోసింది. మరి ఎందుకు విరిగింది? తిరిగీ తిరిగీ ఇనుము లోపలి నార పోయి పలుకులు పలుకులుగా మారిపోతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. 1820లో పుట్టి, అప్పటికి పాతికేళ్ళు కూడా నిండని స్కాట్లండు కుర్రాడు విలియం రాంకిన్ విరిగిన ఇరుసుల్ని పరిశీలించి ఇంకో సంగతి చెప్పాడు. ఇరుసు లావు నుంచి సన్నానికి మారే మూల దగ్గర చిన్న పగులు మొదలవుతుంది, అది కొద్దికొద్దిగా లోపలికి పాకుతుంది, చివరికి మిగిలిన కాస్త లోహం బరువాపలేక ఒక్కసారిగా విరుగుతుంది. అంటే విరగడం ఒక్క క్షణంలో జరిగినా, దానికి తయారీ నెలల తరబడి జరుగుతుంది.

తరవాత ప్రష్యా రైల్వేలో పనిచేసిన ఆగస్ట్ వోలర్ ఇరుసుల్ని వంచుతూ తిప్పే యంత్రాలు కట్టి, ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి 1870 నాటికి లెక్కలు తేల్చాడు. ఒక్కసారి వేస్తే ఏమీ కాని బరువే లక్షలసార్లు వేస్తే ఉక్కుని విరిచేస్తుంది. దీన్నే లోహాల అలసట అంటున్నాం. ఇక్కడ మనకి కావలసిన ముక్క ఏంటంటే, పగులు పాకడానికి టైము పడుతుంది. టైము పడుతుంది కాబట్టి, విరిగేలోగా పట్టుకునే అవకాశం కూడా ఉంది. పట్టుకోవడం ఎలా?

కుండ తట్టినట్టు

ఎలాగో మన అమ్మమ్మల్నడిగినా చెప్పేవాళ్ళు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తారు. ఖంగుమంటే మంచిది, బొదబొదలాడితే బీటుంది. పగులు లేని వస్తువు మొత్తం ఒక్కటిగా కంపిస్తుంది, ఆ కంపనం కాసేపు నిలుస్తుంది. పగులుంటే దాని రెండు అంచులూ ఒకదాన్నొకటి రాసుకుని ఆ శక్తిని మింగేస్తాయి, మోత చచ్చిపోతుంది. వైద్యంలోకి ఈ తట్టే విద్య తెచ్చింది ఆస్ట్రియా డాక్టరు అవెన్‌బ్రుగ్గర్, 1761లో. ఆయన తండ్రి పూటకూళ్ళ సత్రం నడిపేవాడు. పీపాలో సారా ఎంతుందో తట్టి చూసుకోవడం చిన్నప్పుడే నేర్చాడనీ, దాన్నే రోగి ఛాతీ మీద ప్రయోగించాడనీ చెబుతారు. 1816లో పారిస్‌లో లెనెక్ కాగితం చుట్టి గొట్టం చేసి గుండె చప్పుడు విన్నాడు, అదే స్టెతస్కోపుకి మొదలు.

రైళ్ళవాళ్ళు కూడా ఇదే దారి పట్టారు. 19వ శతాబ్దంలో స్టేషన్లలో చక్రాలు తట్టడానికే ఒక ఉద్యోగం పుట్టింది. రైలాగగానే ఒక మనిషి పొడుగు పిడి సుత్తి పట్టుకుని, పెట్టె తరవాత పెట్టె, చక్రం తరవాత చక్రం ఠంగుఠంగుమని కొట్టుకుంటూ పోతాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది. పగిలినది, పట్టా వదులైనది మోగదు. అప్పట్లో రైలు చక్రానికి కూడా మన బండి చక్రానికి లాగే బయట ఉక్కుపట్టా ఉండేది. కాల్చి, వ్యాకోచించినప్పుడు తొడిగి, చల్లార్చి బిగించేవాళ్ళు. కమ్మరి కొలిమి దగ్గర బండిచక్రానికి పట్టా వేయడం చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఇరుసు పెట్టెల మీద చెయ్యి పెట్టి వేడి చూడటం కూడా ఆ ఉద్యోగంలో భాగమే. అయితే నాకన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఆ సుత్తి కాదు, ఆ మనిషి మాటకున్న బరువు. చక్రం మోగలేదని వాడంటే ఆ పెట్టె కదలడానికి వీల్లేదు. రైలు నుంచి విప్పి పక్కన పెట్టాల్సిందే. మన రైల్వేలో ఇప్పటికీ అలా చెడిన పెట్టెని "సిక్" అంటారు, దాన్ని బాగుచేసే లైనుని "సిక్ లైను" అంటారు. పెట్టెకి జబ్బు చేసిందన్నమాట. భాషలోనే వైద్యం ఉంది చూశారా!

అన్నట్టు, ఇంగ్లీషువాళ్ళకి దీని మీద పాత జోకొకటుంది. ఒకతను చక్రాలు తట్టుకుంటూ పోతున్నాడు. మొదటి చక్రం పగిలిందన్నాడు, తీసేశారు. రెండోది పగిలిందన్నాడు, తీసేశారు. అలా రైలు మొత్తం విప్పేశాక తేలిందేంటంటే, పగిలింది అతని సుత్తిట! నవ్వుకుని వదిలెయ్యకండి, ఈ జోకుతో తరవాత పనుంది.

గోలీల యుగం

ఇరుసు నేరుగా ఇత్తడి మీదో సీసం కలిపిన లోహం మీదో రాసుకుంటూ తిరిగితే వేడెక్కుతుంది, నూనె ఆరితే తగలబడుతుంది. ఈ బాధ వదిలించింది బేరింగులు. 1898లో అమెరికాలో హెన్రీ టిమ్‌కెన్ కోసుగా ఉండే రోలర్ల బేరింగుకి పేటెంటు తీసుకున్నాడు. 1907లో స్వీడన్‌లో స్వెన్ వింగ్‌క్విస్ట్ ఇరుసు కాస్త వంగినా తనంతట తను సర్దుకునే గోలీల బేరింగు చేసి ఎస్కేఎఫ్ అనే కంపెనీ పెట్టాడు. మన ఊళ్ళ మధ్య తిరిగే బస్సుల మీద రాసుండే వోల్వో అన్న మాటకి లాటిన్‌లో "నేను దొర్లుతున్నాను" అని అర్థం. ఎందుకంటే ఆ పేరు మొదట ఈ ఎస్కేఎఫ్ వాళ్ళు బేరింగుల కోసం నమోదు చేసుకున్నది. కార్లు 1927లో వచ్చాయి.

బేరింగు బాగున్నంతకాలం అది ఉన్నట్టే తెలీదు. పాడవడం కూడా ఇరుసు విరిగినట్టే, నిదానంగా మొదలవుతుంది. గోలీ నడిచే దారిలో చిన్న పెచ్చు ఊడుతుంది. ప్రతి గోలీ ఆ గుంట దాటినప్పుడల్లా చిన్న దెబ్బ. చక్రం వేగంగా తిరిగితే ఆ దెబ్బలన్నీ కలిసిపోయి ఒక రొద అవుతుంది. దూరంగా విమానం పోతున్నట్టు "వూఁ..." అని. కారున్నవాళ్ళు చాలామంది దీన్ని టైరు చప్పుడనుకుంటారు.

మరి ఏ చప్పుడేదో ఎలా తెలుసుకోవాలి? సాఫ్టువేరులో బగ్గు పట్టుకునే పద్ధతే. ఒక్కసారి ఒక్కటే మార్చు, ఏం మారిందో చూడు.

మొదటి ప్రశ్న, ఇది ఇంజనుదా, చక్రానిదా? ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద అదే వేగంలో పోతూ గేరు మార్చండి. ఇంజను వేగం మారుతుంది గానీ బండి వేగం మారదు. చప్పుడు కూడా మారితే అది ఇంజను వైపుది. మారకుండా బండి వేగాన్నే అంటిపెట్టుకుని ఉంటే చక్రాల వైపుది.

రెండో ప్రశ్న, టైరా, బేరింగా? తారు రోడ్డు మీంచి సిమెంటు రోడ్డు మీదకెక్కినప్పుడు చప్పుడు రంగు మారిపోతే టైరు. ఏ రోడ్డెక్కినా ఒకే రొద అయితే బేరింగుని అనుమానించాలి. ముందు టైర్లు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చినప్పుడు చప్పుడు కూడా చోటు మారిందంటే ఇక సందేహం లేదు, టైరే.

మూడో ప్రశ్న, ఏ పక్కది? బండి ఎడమకి తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. నిదానంగా ఎడమకి వంపు తిరుగుతున్నప్పుడు రొద పెరిగి, కుడికి తిరిగినప్పుడు తగ్గితే సాధారణంగా కుడి బేరింగుది తప్పు. పక్క సీటులో కూర్చున్నవాళ్ళు "ఈ వైపే వస్తోంది" అన్నా నమ్మకండి, రేకు గుండా చప్పుడు ఎక్కడికైనా పాకుతుంది.

మిగతావి ఇంకా తేలిక. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు టకటకమంటే ఇరుసు చివరుండే సీవీ జాయింటు. గుంటలో పడ్డప్పుడు మాత్రమే డొక్కుమంటే సస్పెన్షను బుష్షులో లింకులో. నెమ్మదిగా పోతున్నప్పుడు లయగా టిక్కు టిక్కుమంటే లెక్క కట్టండి. చిన్న కారు టైరు ఒక చుట్టుకి సుమారు 1.9 మీటర్లు పోతుంది. గంటకి 20 కి.మీ. వేగంలో సెకనుకి దాదాపు మూడు చుట్లు. సెకనుకి మూడు టిక్కులు వినిపిస్తే చుట్టుకొకసారి ఏదో తగులుతోందన్నమాట – టైరులో ఇరుక్కున్న రాయో, మేకో. లెక్కకందకుండా లోపల ఏదో కదులుతున్నట్టు ఠకఠకమంటూ స్టీరింగు కూడా వణికితే మాత్రం పరిశోధనలొద్దు. వెంటనే పక్కకి తీసి ఆపండి, చక్రం నట్లు వదులయ్యుండొచ్చు.

ఇక బ్రేకు కీచుమనే చప్పుడుంది. నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైనది ఇదే. చాలా కార్ల బ్రేకు ప్యాడ్లకి చిన్న ఇనపరేకు ఒకటి కావాలనే అమర్చి ఉంటుంది. ప్యాడు బాగా అరిగిపోయాక ఆ రేకు డిస్కుకి తగిలి కీచుమంటుంది. అంటే ఆ ఇంజనీరు కావాలనే చప్పుడుని డిజైను చేశాడు! సెన్సరు లేదు, తీగ లేదు, కంప్యూటరు లేదు. "నన్ను మార్చు" అని వస్తువే నోరు తెరిచి అడుగుతుంది. కందెన లేని బండి సంగీతానికి ఇంతకంటే గొప్ప గౌరవం ఇంకోటి ఉండదేమో.

"నార్మలే సార్"

ఇంత శాస్త్రం ఉన్నాక రోగం పట్టుకోవడం తేలికే కదా అనుకుంటాం. నా కారు కూడా ఒకసారి 60 దాటితే వూఁ అనడం మొదలెట్టింది. కంపెనీవాళ్ళ సర్వీసు సెంటరుకి తీసుకెళ్ళాను. కౌంటరులో ఉన్న అబ్బాయి కంప్యూటరులో "శబ్దం – వినియోగదారుడి ఫిర్యాదు" అని కొట్టుకున్నాడు. సాయంత్రం బండిచ్చేటప్పుడు "టెస్ట్ డ్రైవ్ చేశాం సార్, నార్మలే సార్, టైర్లు కొంచెం అరిగాయి కదా, అలాగే ఉంటది" అన్నాడు. ఆ అబ్బాయిని తప్పు పట్టను. విన్నవాడు డ్రైవరు, రాసుకున్నది కౌంటరు, తిట్లు తినేది ఆ అబ్బాయి. మధ్యలో నా చప్పుడు "ఫిర్యాదు" అయిపోయింది.

తరవాత రోడ్డు పక్క షెడ్డులో ఒక పెద్దాయన జాకీ వేసి చక్రం లేపి, చేత్తో తిప్పుతూ, ఇంకో చెయ్యి సస్పెన్షను స్ప్రింగు మీద పెట్టాడు. "ఇక్కడ చెయ్యి పెట్టండి సార్, ఇసక నలిగినట్టుంది చూడండి. ఆ పక్క చూడండి, వెన్నలాగుంది" అన్నాడు. నిజంగానే తేడా వేళ్ళకి తెలిసింది. రెండు నిమిషాలు పట్టలేదు. బేరింగు మార్చాడు, రొద పోయింది.

ఇందులో పెద్దాయన గొప్పతనం కొంత ఉంది, కాదనను. కానీ అసలు తేడా వేరే. ఆయన షెడ్డులో వినేది, అర్థం చేసుకునేది, విప్పేది ఆయనే. ఎద్దుబండివాడి లాగా. రెండో చోట ఆ మూడు పనులూ మూడు బల్లల మీదున్నాయి.

నా కారు విషయంలో పోయిందల్లా కొంచెం డబ్బూ, ఒక శనివారమూ. అదే ఖాళీ 200 కిలోమీటర్ల వేగంతో పోయే రైలుకి ఉంటే ఏమవుతుందో జర్మనీ చెప్పింది.

ఎషెడె

1991లో జర్మనీవాళ్ళు ఐసీయీ అని వేగం రైళ్ళు మొదలుపెట్టారు. మొదట్లో చక్రాలు ఒకే ఉక్కుముద్దతో చేసినవి. అవి అరిగి గుండ్రదనం కాస్త తప్పేసరికి వేగంలో రొద, అదురు మొదలయ్యాయి. భోజనాల పెట్టెలో ప్లేట్లూ గ్లాసులూ గలగలమనేవి. డబ్బిచ్చి ఎక్కినవాళ్ళకి ఇది నచ్చదు కదా. దాంతో 1992 నుంచి కొత్తరకం చక్రాలు పెట్టారు. లోపల ఉక్కు చక్రం, దాని చుట్టూ 20 మి.మీ. మందం రబ్బరు, దాని మీద ఉక్కుపట్టా. ట్రాముల్లో బాగా నడిచిన పద్ధతే. రబ్బరు అదురుని మింగేసింది, గ్లాసులు నోరు మూసుకున్నాయి. అందరూ సంతోషించారు.

కానీ ఒకటి ఆలోచించండి. రబ్బరు మీద కూర్చున్న పట్టా, చక్రం దొర్లిన ప్రతిసారీ కొంచెం నొక్కుకుని మళ్ళీ గుండ్రమవుతుంది. అరిగి పల్చబడేకొద్దీ ఇంకా ఎక్కువ వంగుతుంది. వోలర్ నూట ఇరవై ఏళ్ళ కిందట అదే దేశంలో చెప్పిన లెక్కే ఇది – లక్షలసార్లు వంగితే ఉక్కు అలిసిపోతుంది. పైగా పగులు మొదలయ్యేది పట్టా లోపలి వైపు, రబ్బరు పక్కన, కంటికి కనపడని చోట. పాతకాలం సుత్తి మనిషొచ్చి కొట్టినా రబ్బరు పట్టుకున్న పట్టా గంటలా మోగదు.

చెప్పినవాళ్ళు లేకపోలేదు. 1997లో హానోవర్ నగర ట్రాము సంస్థ ఇలాంటి చక్రాలకి తమ బండ్లలో పగుళ్ళు చూసి, గడువు కంటే ముందే వాటిని మార్చేసి, మిగతావాళ్ళకీ కబురు పెట్టింది.

1998 జూన్ 3న మ్యూనిక్ నుంచి హాంబర్గ్ పోతున్న రైలు మొదటి పెట్టె కింద ఒక చక్రం పట్టా తెగింది. తెగి, తిన్నగా సాగి, నేలని చీల్చుకుని సీట్ల మధ్యలోకి పొడుచుకొచ్చింది. అక్కడ కూర్చున్న ఒకాయన భార్యాబిడ్డల్ని పక్కకి తీసుకెళ్ళి, రైలు సిబ్బందికి చెప్పడానికి పరిగెత్తాడు. గొలుసు లాగే ముందు తాను కళ్ళారా చూడాలని, అది నియమమని ఆ ఉద్యోగి అన్నాడు. ఇద్దరూ మొదటి పెట్టె వైపు బయల్దేరారు. పట్టా తెగిన చోటు నుంచి ఎషెడె ఊరి దగ్గరి వంతెనకి సుమారు 6 కిలోమీటర్లు. 200 వేగంలో రెండు నిమిషాలు కూడా కాదు. వేలాడుతున్న పట్టా అక్కడి పాయింట్లకి తగిలింది, రైలు పట్టాలు తప్పింది, పక్కకి జరిగిన పెట్టె రోడ్డు వంతెన స్తంభాల్ని గుద్దింది, వంతెన వెనక పెట్టెల మీద కూలింది. 101 మంది చనిపోయారు.

విచారణలో బయటపడ్డ సంగతులు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఆ చక్రం కొత్తగా ఉన్నప్పుడు 920 మి.మీ. వ్యాసం, విరిగేనాటికి 862. నిబంధన ప్రకారం 854 దాకా అరగొచ్చు. అంటే కాగితం మీద అది ఇంకా మంచి చక్రమే. ప్రమాదానికి ముందు వారంలో ఆ చక్రం తేడాగా ఉందని యంత్రాల తనిఖీలు మూడుసార్లు చూపించాయి. డిపోలో ఆ యంత్రాలు ఉత్తుత్తి హెచ్చరికలు చాలా ఇస్తున్నాయని వాటిని లెక్కచెయ్యడం మానేశారు. ఇందాకటి జోకులో పగిలిన సుత్తి గుర్తుందా? అందరూ సుత్తే పగిలిందనుకుంటే, నిజంగా పగిలిన చక్రం హాయిగా ముందుకి పోతుంది.

అన్నిటికంటే నన్ను వెంటాడేది ఇంకోటి. ప్రమాదానికి ముందు రెండు నెలల్లో ఆ బోగీ చక్రాల నుంచి చప్పుడూ అదురూ వస్తున్నాయని రైలు సిబ్బంది ఎనిమిదిసార్లు ఫిర్యాదు చేశారు. ఎనిమిదీ రైలు కంప్యూటరులో భద్రంగా నమోదయ్యాయి. అంటే విన్నారు, చెప్పారు, రాసుకున్నారు. ఆపలేదు. చక్రం మార్చలేదు.

ముగ్గురు ఇంజనీర్ల మీద కేసు నడిచింది. 2003లో తలా 10 వేల యూరోలు కట్టించి ముగించారు. రబ్బరు చక్రాలన్నీ తీసేసి ఉక్కుముద్ద చక్రాలే మళ్ళీ పెట్టారు. వంతెన పక్కన 101 చెర్రీ చెట్లు నాటారు. రైల్వే అధిపతి బాధిత కుటుంబాల్ని క్షమాపణ అడిగింది 2013లో, పదిహేనో సంవత్సరీకం నాడు.

చప్పుడు జబ్బు కాదు, కబురు

మొదటి చక్రాలు చేసిన రొద ఒక కబురు – గుండ్రదనం తప్పుతోందని. దాన్ని ప్రయాణికుల అసౌకర్యంగా లెక్కేసి, నొక్కెయ్యడానికి రబ్బరు తొడిగారు. రెండో చక్రాలు చేసిన రొద ఇంకా పెద్ద కబురు. దాన్నీ ఫిర్యాదుల దొంతరలో వేశారు. కబురు తెచ్చినవాడి నోరు నొక్కితే కబురు అబద్ధమైపోదు. మన వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇది కొత్తేం కాదు. లాగుల్లో వార్నింగులు ఎక్కువైతే వాటిని ఫిల్టరు చేసేస్తాం. అర్ధరాత్రి మోగే అలర్టుని మ్యూట్ చేస్తాం. అవి చాలావరకూ ఉత్తుత్తివే, నిజమే. అయితే చెయ్యాల్సింది సుత్తి మార్చడం, చెవులు మూసుకోవడం కాదు.

"ఇప్పుడు టెక్నాలజీ వచ్చింది కదా, ఇంకెందుకీ గొడవ" అంటారు కొందరు. వచ్చింది, మంచిదే. మన రైల్వేలో పట్టాలకి అమర్చిన పరికరాలు మీదుగా పోయే ప్రతి చక్రం ఎంత దెబ్బ కొడుతోందో కొలుస్తున్నాయి. మైక్రోఫోన్లతో బేరింగు రొద విని లోపం పట్టే ఏర్పాట్లూ ఉన్నాయి. అలాగే స్టేషనులోకి రైలు వస్తున్నప్పుడు పట్టాల పక్కన కూర్చుని చక్రాల్ని చూస్తూ, చప్పుడు వింటూ ఉండే సిబ్బంది కూడా ఉన్నారు. ఈసారి పెద్ద స్టేషనులో రైలాగే ముందు కిటికీలోంచి చూడండి, కనిపిస్తారు. యంత్రం వినడం మనిషికంటే బాగా నేర్చుకుంటుంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఎషెడెలో లోటు వినికిడిలో రాలేదు. మూడు యంత్రపు తనిఖీలు, ఎనిమిది ఫిర్యాదులు, కళ్ళారా చూసిన ఒక ప్రయాణికుడు – ఇంతకంటే బాగా ఏ మైక్రోఫోను వింటుంది?

లోటు ఆపే చేతిలో ఉంది. దీనికి జవాబు కార్ల పరిశ్రమలోనే ఉండటం విచిత్రం. జపానులో సకిచి టొయోడా దారం తెగితే దానంతటదే ఆగిపోయే మగ్గం చేశాడు. ఆ కుటుంబమే తరవాత పెట్టిన టొయోటా కార్ల ఫ్యాక్టరీలో తాడొకటి వేలాడుతూ ఉండేది. లైనులో పనిచేసే ఏ కార్మికుడికైనా తేడా కనిపిస్తే దాన్ని లాగొచ్చు. సూపర్‌వైజరు పరిగెత్తుకొస్తాడు, అక్కడికక్కడ సంగతి తేలకపోతే లైను ఆగిపోతుంది. ఎందుకు లాగావని ముందు తిట్టరు, ఏం కనిపించిందని అడుగుతారు. తాడు లాగినందుకు శిక్ష ఉంటే తాడు ఉన్నా లేనట్టే.

ఉత్తుత్తికి ఆపితే నష్టం కదా అంటారు. నష్టమే. ఆ నష్టం లెక్క కట్టొచ్చు – ఇన్ని నిమిషాలు, ఇన్ని రూపాయలు. ఆపకపోతే వచ్చే నష్టం మాత్రం ఎషెడెలో చెట్ల లెక్కన ఉంది.

కాబట్టి నా మటుక్కి చెప్పేది రెండే ముక్కలు. మీ బండి కొత్తగా ఏదైనా కూస్తే పాటల సౌండు పెంచకండి, ముందు వినండి. దాన్ని ఏళ్ళ తరబడి వినే చెవి మీదే, ఏ మెకానిక్కుకీ అది లేదు. రెండోది, మీ కింద ఎవరైనా పనిచేస్తూ "ఏదో తేడాగా ఉంది సార్" అంటే దాన్ని ఫిర్యాదు కింద రాసుకోకండి. ఆపే చెయ్యి కూడా వాళ్ళకివ్వండి. బండివాడికి ఎద్దుల పగ్గాలు ఎవరో ఇవ్వక్కర్లేకపోయింది, అవి వాడి చేతిలోనే ఉండేవి. మనం కట్టుకున్న పెద్ద బండ్లలో ఆ పగ్గాలు పని గట్టుకుని ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎవరూ లాగరు.